ఇంటికో కార్డు

నేను రిటైరయ్యాక నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి పేరు హారిక. ఎంబీఏ చదివింది, మనిషి చురుకు. ఈమధ్య ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, కొత్తగా చేరేవాళ్ళకి ట్రైనింగు ఇవ్వాలి, ప్రసూతి సెలవుల గురించి మీ అనుభవం నాలుగు పేజీలు రాసివ్వండి సార్ అంది. అదెంత భాగ్యం అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, నా ఉద్యోగం మొత్తంలో నాకు బొత్తిగా అర్థం కాని విషయం ఏదైనా ఉంటే అది ఇదేనని.

చట్టం రాదని కాదు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మొదటి ఇద్దరు పిల్లలకీ ఇరవై ఆరు వారాలు జీతంతో సెలవు, ఆ తర్వాత పుట్టే బిడ్డకి పన్నెండు. ప్రసవానికి ముందు ఏడాదిలో ఎనభై రోజులు పని చేసి ఉండాలి. సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు. తండ్రికి మాత్రం మాలాంటి ప్రైవేటు కంపెనీల్లో ఇచ్చి తీరాలన్న మాట ఎక్కడా లేదు. ఇవన్నీ మీరు పుస్తకంలో చదువుకుంటారు. నేను రాస్తున్నది పుస్తకంలో లేని గొడవ. చదివాక మీకేమైనా అర్థమైతే నాకూ చెప్పి పుణ్యం కట్టుకోండి.

చీర పెట్టి పంపేవాళ్ళం

నేను పనిచేసింది భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో. చెరువుల్లోంచి వచ్చిన రొయ్యకి తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో పెట్టి విదేశాలకి పంపుతారు. ఒలిచేవాళ్ళంతా ఆడవాళ్ళే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. గేటు దగ్గర కార్డు కొట్టించుకుని, తెల్ల కోటు, టోపీ, మాస్కు, మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని హాల్లోకి వెళతారు. లోపలికి వెళ్ళాక మనిషికి కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. వాళ్ళ హాజరు, సెలవులు, చేరికలు, తీసివేతలు చూడడమే నా పని.

చాలా ఏళ్ళపాటు మా దగ్గర ప్రసూతి సెలవు అన్న మాటే వినపడలేదు. ఇవ్వం అని ఎవరూ అనలేదు, ఇమ్మని ఎవరూ అడగలేదు. ఏడో నెల రాగానే పుట్టింటివాళ్ళు వచ్చి అమ్మాయిని తీసుకెళతారు. వెళ్ళేముందు ఆ అమ్మాయి చైర్మన్ గారికి దణ్ణం పెట్టుకోవడానికి వచ్చేది. ఆయన మర్యాదస్థుడు, కోప్పడడం కూడా అండీ గారూ అంటూనే కోప్పడతాడు. చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ, ఒక డబ్బా మిఠాయి ఇప్పించి, హాయిగా పురుడు పోసుకుని రా అమ్మా అనేవాడు. ఆ అమ్మాయి కళ్ళొత్తుకుంటూ వెళ్ళేది. పదిహేను రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టెయ్యాలన్నది కంపెనీ రూలు. పదహారో రోజున నేను ఎర్రసిరాతో గీత గీసేవాణ్ణి. ఎనిమిది నెలల తర్వాత బిడ్డని అత్తగారికి అప్పజెప్పి మళ్ళీ వస్తే కొత్త కార్డు ఇచ్చేవాణ్ణి. కొత్త కార్డంటే కొత్త మనిషి. పాత సర్వీసు గంగలో కలిసినట్టే.

ఇది తప్పని నాకు తట్టలేదు. ఒట్టు, తట్టలేదు. పైగా మా కంపెనీలాంటి కంపెనీ జిల్లాలో లేదనుకునేవాణ్ణి, ఎవరు చీరలు పెడతారండీ ఈ రోజుల్లో అని.

ఖాళీ రిజిస్టరు

చట్టం ఈ సెలవుని ఇరవై ఆరు వారాలకి పెంచిన కొన్నాళ్ళకి, మా సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున ఇద్దరు ఆడిటర్లు వచ్చారు. మరుగుదొడ్లు చూశారు, మంచినీళ్ళు చూశారు, ప్రసూతి సెలవుల రిజిస్టరు తెమ్మన్నారు. తెచ్చాను. కొత్త పుస్తకం, అట్ట కూడా నలగలేదు. అందులో ఒకావిడ పేజీలన్నీ తిప్పి, ఇన్ని వందల మంది ఆడవాళ్ళలో ఇన్నేళ్ళలో ఒక్కరికి కూడా పిల్లలు పుట్టలేదా అని అడిగింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

చైర్మన్ గారికి ముచ్చెమటలు పట్టాయి. వాళ్ళు మళ్ళీ ఆరు నెలల్లో వస్తారు, ఈలోగా ఒక్క సెలవైనా ఇచ్చి చూపించాలి మూర్తిగారూ అన్నాడు. నేను సూపర్‌వైజరు నాగమణిని పిలిచి, హాల్లో కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే నా దగ్గరికి పంపమన్నాను. ఒక్కరూ రాలేదు. చెబితే ఇంటికి పంపేస్తారని భయం. చీర పెట్టి మరీ పంపేస్తామని వాళ్ళకి బాగా తెలుసు.

పది రోజుల తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. పేరు సత్యవతి, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి నిలిచిన కడుపు, ఐదో నెల దాటింది. మొగుడు చెరువుల దగ్గర కాపలా పని. మనిషి మాట్లాడుతున్నంతసేపూ రెండు చేతులూ పొట్ట మీదే పెట్టుకుంది. అంతకుముందు రెండుసార్లు పోయిందట. పురుడు అయ్యాక బిడ్డని ఆర్నెల్లు వదలకుండా చూసుకోవాలి, పని మాత్రం పోకూడదు, సెలవు ఇస్తున్నారని నాగమణిగారు చెప్పారండీ అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆసుపత్రివాళ్ళిచ్చిన పుస్తకం, కంపెనీ కార్డు తీసుకుని, రిజిస్టరు తెరిచి, మొదటి వరసలో పేరు రాయబోతూ ఆగిపోయాను. ఆసుపత్రి పుస్తకంలో పేరు సత్యవతి. కంపెనీ కార్డు మీద పేరు మంగతాయారు.

మంగతాయారు నాకు బాగా తెలుసు. ఏడాదిలో ఒక్కరోజు కూడా నాగా లేని మనిషి. హాజరుకి మొదటి బహుమతి అని రెండేళ్ళు వరసగా స్టేజీ మీద నా చేత్తో ప్రెషర్ కుక్కర్ ఇచ్చాను. ఆవిణ్ణి చూసి నేర్చుకోండి అని మైకులో ఉపన్యాసం కూడా దంచాను.

ఈ కార్డు నీ దగ్గరికెలా వచ్చింది అన్నాను.

"మా తోడికోడలిదండీ. మూడు రోజులు అక్క వస్తది, మూడు రోజులు నేను వస్తానండీ. ఒకళ్ళు వస్తే ఒకళ్ళు ఇంటికాడ పిల్లల్నీ అత్తగారినీ చూడాలి కదండీ."

మరి నీ పేరు మీద కార్డు ఎందుకు తీసుకోలేదు అంటే, ఆ అమ్మాయి నావంక వింతగా చూసింది.

"ఇంటికో కార్డే కదండీ ఇస్తారు? రేషను కార్డు ఒకటే, ఉపాధి హామీ కార్డు ఒకటే. ఇంట్లో ఎవరెళ్ళి పని చేసినా దాని మీదే రాస్తారు కదండీ."

నాగమణిని పిలిచి అడిగితే, ఇద్దరూ వేరువేరని కళ్ళు చూస్తే తెలియదా సార్ అంది. మరి నాకెందుకు చెప్పలేదు అంటే, మీరు అడగలేదు కదండీ అంది. ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది అంటే తొమ్మిదేళ్ళట. మధ్యలో ఒకసారి వేలిముద్రల మిషను పెట్టాం. అదుంటే ఈ ఆట సాగేది కాదు. కానీ ఐసులోనూ క్లోరిన్ నీళ్ళలోనూ నాని వాళ్ళ వేళ్ళ మీద గీతలే అరిగిపోయాయి. మిషను ఎవర్నీ గుర్తుపట్టలేదు. వారానికే దాన్ని మూలపడేసి మళ్ళీ కార్డులకొచ్చాం.

నా తెలివి

చైర్మన్ గారికి చెప్పాను. ముందు ఇద్దర్నీ తీసెయ్యండి అన్నాడు. ఒక నిమిషం ఆలోచించి, వద్దు, ఆడిటుంది కదా, సెలవు మంగతాయారు పేరు మీదే రాసెయ్యండి, వాళ్ళు చూసేది కాగితమే అన్నాడు. ఇద్దరు పిల్లలు పుట్టి ఆపరేషను కూడా అయిపోయిన మనిషి మళ్ళీ కన్నదని ఎలా రాయనండీ, అబద్ధం నా చేత్తో రాయను అన్నాను. ఆ మాట అన్నందుకు ఆరోజంతా నా ఛాతీ కాస్త పొంగే ఉంది. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను.

ఆ పొంగులోనే నాకో ఉపాయం తట్టింది. సత్యవతికి ఇవాళే సొంత కార్డు ఇస్తాను. చట్టానికి కావలసింది ఎనభై రోజులు. ప్రసవానికి మూడున్నర నెలల పైనే టైముంది. వారానికొక సెలవు తీసేసినా, ఒక్కరోజు కూడా నాగా లేకుండా వస్తే, డాక్టరు చెప్పిన తేదీకి రెండు వారాల ముందే ఎనభై నిండుతాయి. క్యాలెండరు మీద పెన్సిలుతో లెక్కేసి ఆ అమ్మాయికి చూపించాను. ఎవరి పేరూ మార్చక్కర్లేదు, అబద్ధం లేదు, అంతా చట్టప్రకారం. ఎంత మేలు చేశారండీ అని చేతులు జోడించింది. నేను చేసిన మేలు అలాంటిది.

అప్పుడు నేను చెప్పనివి రెండున్నాయి. ఒకటి, నెలలు నిండే రోజుల్లో ఎక్కువసేపు నిలబడే పని, బరువు పని చెయ్యలేనని అడిగే హక్కు ఆ అమ్మాయికి చట్టంలో ఉంది. అడిగితేనే అని ఉంది కాబట్టి, అడగలేదు కాబట్టి, నేను చెప్పలేదు. రెండోది ఇంకా సిగ్గుచేటు. అప్పటిదాకా ఆమె చేసిన రోజులు లెక్కకి వస్తాయా రావా అని నేను ఎవర్నీ అడగలేదు. లేబర్ ఆఫీసుకి ఫోను చేస్తే కార్డుల బాగోతం బయటపడుతుందని నోరు మూసుకున్నాను.

పిల్లల్నీ అత్తగారినీ పక్కింటివాళ్ళకి అప్పజెప్పి తోడికోడళ్ళిద్దరూ రోజూ పనిలోకి రాసాగారు. ఏడో నెల నిండవచ్చింది. పాలకొల్లు దగ్గర పల్లె నుంచి వాళ్ళమ్మ సున్నుండల డబ్బాతో, ఆటో మాట్లాడుకుని కూతుర్ని తీసుకెళ్ళడానికి సరాసరి ప్లాంటు గేటు దగ్గరికే వచ్చింది. కూతురు రానంది. ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"రెండు పోయాయండీ దీనికి. ఇదన్నా నిలవాలని అన్నవరం కొండెక్కి మొక్కుకున్నానండీ. నేను తీసుకుపోతాను. ఇంకెన్ని రోజులుంచుతారండీ?"

నేను రిజిస్టరు చూసి, ముప్ఫై తొమ్మిది అన్నాను. ఆవిడ డబ్బా నా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. అది నాకిచ్చిందో, కూతురికి ఇమ్మని పెట్టిందో కూడా నేను అడగలేదు. సత్యవతికి పంపాను, ఆమె హాల్లో అందరికీ పంచింది.

కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు వేయించాను. రెండు రోజులకి క్వాలిటీవాళ్ళు హాల్లో స్టూళ్ళు ఉండకూడదని తీయించేశారు. ఆడిట్లో రాస్తారట. ఆడిటు కోసమే కదా ఈ సెలవు అని నేను గొంతు పెంచితే, అది వేరే ఆడిటు సార్ అన్నారు. ఏ ఆడిటుకి ఏది కావాలో నాకు ఈనాటికీ తెలియదు. నాగమణి మాత్రం ఎవరూ చూడనప్పుడు ఆ అమ్మాయిని గోడకి చేరగిలబడనిచ్చేది.

డెబ్బై ఆరు

డెబ్బై ఆరో రోజు షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళాక సత్యవతికి నొప్పులొచ్చాయి. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా మూడు వారాలుంది. ప్రభుత్వాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. రెండు కేజీలు కూడా లేదు, అద్దాల పెట్టెలో పెట్టారు. ఈ సంగతి పొద్దున్న ఏడింటికి నాగమణి ఫోను చేసి చెప్పింది. నేను మంచం మీద కూర్చుండిపోయాను. బతుకుతుందా అంటే, డాక్టరుగారు ఏమీ చెప్పట్లేదండీ అంది. బిడ్డ సంగతి తర్వాత నా బుర్రలోకి వచ్చిన రెండో మాట ఏమిటో రాయాలి, దాచుకుంటే ఈ రాతకి అర్థం లేదు. అయ్యో, నాలుగు రోజులు తక్కువయ్యాయే అనుకున్నాను. మనిషినా నేను అని తర్వాత అనిపించింది గానీ, ముందొచ్చిన మాట అదే.

ఆఫీసుకి వెళ్ళి హాజరు చూస్తే, సత్యవతి కార్డు ఆరోజు పొద్దున్నే కొట్టి ఉంది. మంగతాయారు కార్డు ఆబ్సెంటు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

హాలు అద్దాల కిటికీ దగ్గరికి వెళ్ళాను. సత్యవతి స్థానంలో తెల్ల కోటు, టోపీ, మాస్కు. చేతులు గబగబా రొయ్యలు ఒలుస్తున్నాయి. నన్ను చూసి తలెత్తింది. నేను ఆ కళ్ళు చూశాను. నాగమణి చెప్పింది నిజమే, కళ్ళు చూస్తే తెలుస్తుంది. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నేను ఆపలేదు. సెక్యూరిటీకి చెప్పలేదు. చైర్మన్ గారికి చెప్పలేదు.

నాలుగో రోజు షిఫ్టు అయ్యాక మంగతాయారు టోపీ తీసి చేత్తో పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"ఎనభై అయ్యాయండీ" అంది.

నువ్వు చేసిన పనేంటో తెలుసా, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, నాది కూడా పోతుంది అని కేకలేశాను. నాకు భయం వేస్తే కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆవిడ కేకలన్నీ అయ్యేదాకా నిలబడింది.

"మా చిన్నోడి పురుడప్పుడు మీరు నా పేరు కొట్టేత్తారని భయమేసిందండీ. అంతకుముందు పెద్దోడప్పుడు కొట్టేశారు కదండీ. సత్యవతికప్పటికి పెళ్ళయ్యి ఆర్నెల్లు కాలేదు. నా కార్డిచ్చి దాన్ని పంపానండీ. ఐదు నెలలు చేసింది. కాళ్ళపారాణి ఆరని పిల్లండీ, ఐసులో చేతులు పెట్టి ఏడ్చేది. నాకు పురిటి సెలవు మీరివ్వలేదండీ. అదిచ్చింది. దానికి నాలుగు రోజులు నేనివ్వకూడదాండీ?"

పెద్దవాడప్పుడు ఆవిడ పేరు కొట్టేసిన ఎర్రగీత నాదే. వెళ్ళమన్నాను. సాయంత్రం ఎవరూ లేనప్పుడు ప్రసూతి సెలవుల రిజిస్టరు మొదటి వరసలో సత్యవతి పేరు రాసి, పని చేసిన రోజులు అన్న గడిలో ఎనభై అని వేసి సంతకం పెట్టాను. అబద్ధం రాయనని ఎగిరినవాణ్ణి నేనే. ఆసుపత్రిలో పడుకున్న మనిషి ఆ నాలుగు రోజులూ రొయ్యలు ఒలిచినట్టు మా రికార్డులో ఉంది. సెలవు వచ్చింది. ఆడిటర్లు వచ్చి చూసి, బాగుంది అని టిక్కు పెట్టుకున్నారు. చైర్మన్ గారు నా భుజం తట్టాడు.

హారికకి ఇదంతా చెబితే, మీరు చేసింది తప్పా ఒప్పా సార్ అని అడిగింది. మంగతాయారు పేరు మీద రాస్తే అబద్ధమన్నాను, సత్యవతి పేరు మీద రాసిందీ అబద్ధమే. మొదటిది రాసి ఉంటే ఆ పిల్ల నెలలు నిండి పుట్టేదేమో. లేక ఆడిటరు పట్టుకుంటే ఇద్దరూ రోడ్డున పడేవాళ్ళేమో. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఒకచోట ముడి పడుతూనే ఉంది. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి చెప్పగలిగింది ఒక్కటే. రూలు మీ చేతిలో శుభ్రంగా, తప్పు లేకుండా కుదిరిందనిపించినప్పుడు, ఆ లెక్క ఎవరి ఒంటి మీద పడుతోందో వెళ్ళి చూడండి. నేను క్యాలెండరు చూశాను గానీ మనిషిని చూడలేదు.

సెలవు అయ్యాక

పిల్ల బతికింది. పదిహేడు రోజులు పెట్టెలో ఉండి బయటికొచ్చింది. ఇరవై ఆరు వారాలు పూర్తయిన మర్నాడు సత్యవతి పనిలోకి వచ్చింది. కార్డు కొట్టించుకుని, హాల్లోకి వెళ్ళకుండా నా గది గుమ్మంలో నిలబడింది. పిల్ల ఎలా ఉందమ్మా అంటే, బోర్లా పడుతోందండీ, అక్క దగ్గరుంది అంది. నేను తిట్టించుకోవడానికి సిద్ధంగానే ఉన్నాను. తిడితే నాకూ కాస్త తేలికయ్యేది. ఆమె తిట్టలేదు. ఒక సందేహమండీ అంది.

"ఆ ఎనభై రోజులూ నా పేరు మీద రాశారు కదండీ, అందులో నాలుగు అక్క చేసినవే అయినా. మరి అంతకుముందు తొమ్మిదేళ్ళలో నేను చేసినవన్నీ ఎవరు చేసినట్టండీ?"

అందులో వెతికితే వెయ్యి రోజులు దొరుకుతాయి, ఒక్క ఆఖరి ఏడాదిలోనే ఎనభైకి మించి. చట్టంలో పని చేసి ఉండాలి అని రాసి ఉంది. కార్డు మీద ఎవరి పేరుండాలో రాసి లేదు. మొదటిరోజే ఆ అమ్మాయిని ఇంటికి పంపి, సెలవుకి హక్కుందని నేను నిలబడి వాదించి ఉండొచ్చేమో. ఒప్పుకునేవారో లేదో నాకు తెలియదు. అడిగి చూడలేదు కదా.

చూద్దామమ్మా అన్నాను. సరేనండీ అని మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను దిగిపోయే రోజుకి కూడా ఆమె సర్వీసు ఆ కొత్త కార్డు తేదీ నుంచే ఉంది. పాత కార్డు మీదున్న తొమ్మిదేళ్ళ పనంతా తనది కాదని మంగతాయారు నా ముందు నిలబడి చెప్పింది. అందులో సగం తనదని సత్యవతి చెప్పింది. హాల్లో ఉన్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒప్పుకోనిది నేనొక్కణ్ణే.